నట్టలకు పట్టిన వైరసులు

మొన్న సత్యవేడులో సభ్యులగు కొందరు రైతులు మమ్ము నడిగిరి: “అయ్యా, గొఱ్ఱెల కడుపులోని నట్టలకు సైతము వైరసులు పట్టునట. అవియే నట్టలను చంపునెడల మాకు మందేల?” ప్రశ్న బాగుగనే యున్నది. మందు మానుటకు మాత్రము తొందరపడరాదు.

2024లో లివర్పూలు ఉష్ణమండల వైద్య విద్యాలయమువారును వారి సహచరులును పరాన్నభుక్కులగు 28 జాతుల నులిపురుగులలో 91 వైరసులను కనుగొనిరి. పైరు వేళ్లను పట్టు పురుగులలోను ఇట్టివి గలవు. సోయాచిక్కుడు వేళ్ల పురుగులో అమెరికావారు 2011లోనే నాలుగింటిని చూపిరి. అయితే వైరసు పట్టిన మాత్రమున పురుగు చచ్చునని వీరెవ్వరును తేల్చలేదు. పేలు పట్టిన దూడ చిక్కునేగాని వెంటనే చచ్చునా? ఇల్లు కూలినచో అందు కాపురమున్న వైరసునకే నష్టము.

మేము గొప్పగా నెంచునది వేఱొకటి. ఆఫ్రికాలో నదీతీరపు చిన్న యీగలవలన వ్యాపించి కన్నులు పోగొట్టు ఓంకోసెర్కా యను పురుగు గలదు. అది సోకినవారి రక్తములో, పురుగులోని వైరసును ఎదిరించుటకు దేహము పుట్టించిన ప్రతిరక్షకములు కనబడినవి. అనగా పురుగులోని వైరసు మనుష్యదేహమునకును తగులుచున్నది. మనము పురుగు కెత్తు రోగములో వైరసు పాలెంత? ఇది తేలవలసి యున్నది.

ఇట్టి విచారణ వ్యర్థమనువారికి బోదకాలే జవాబు. బోదకాలు పురుగు దేహములో వోల్బాకియా యను బాక్టీరియా కాపురముండును. అది లేనిదే పురుగునకు సంతానము లేదు. ఈ సంగతి తెలిసిన పిమ్మట, వైద్యుని పర్యవేక్షణలో డాక్సీసైక్లిను నాలుగు మొదలు ఆరు వారములిచ్చి, మొదట పురుగును గొడ్డును జేసి, క్రమముగా చంపవచ్చునని తేలినది. పురుగును గాక దాని యింటిలోని వానిని గొట్టిరి! వైరసు ఆ మందునకు లొంగదు గాన, ఆ మాత్రలు కొని గొఱ్ఱెలకు వేయబూనరాదు.

మన నెల్లూరు గొఱ్ఱెల నట్టలలో ఏ వైరసులున్నవో తిరుపతి పశువైద్య కళాశాలవంటి చోట్ల వెదకవలెనని మా యభిప్రాయము. కోసిన గొఱ్ఱె ప్రేగులను పరీక్షకిచ్చుటకు మన సభ్యులు వెనుదీయరని నమ్ముచున్నాము.

అంతవరకు నట్టలమందే దిక్కు. అదియు బరువునకు తగినంత తాపవలెను. సగము పాలు తాపిన మందలో మందునకు లొంగని నట్టలే మిగిలి పెరుగును. గొఱ్ఱె పాలిపోయి దవడక్రింద నీరు దిగును. బరువు తూచకయే కంటి అంచనాతో తాపించినవారిలో ఒకప్పుడు మేమును గలము. త్రాసు సంఘములో నున్నది, అడిగినవారి కిచ్చెదరు.