టాపులేని కారుకి అంత టెక్కెందుకు?

కొన్ని విషయాల్లో మగవారు ముందు తీర్పు చెప్పేసి, ఆ తరువాత మన అభిప్రాయం అడుగుతారు. గోడలకి వేసే రంగు, పిల్లవాడి చదువు, కొనబోయే కారు, అన్నీ ఆ వరసలోవే. "నీకేది నచ్చితే అదే కొందాం" అంటారు. అంటూనే తమకు నచ్చినదాని బొమ్మ ఒక్కటే మన ముందు పెడతారు.

మేముండేది ఇంగ్లండులో. డాక్టర్లుగా 1970లలో, 80లలో ఇక్కడికి వచ్చిన మన తెలుగువారు చాలామంది ఇప్పుడు రిటైరై ఇంటిపట్టున వున్నారు. పిల్లలు యెవరి దారిన వారు వెళ్ళిపోయారు. ఇంటి అప్పు తీరింది. అప్పుడు పుడుతుందండీ కోరిక! కొత్తగా వచ్చిన రోజుల్లో బస్సుస్టాపులో నిలబడి చూస్తూ గుటకలు మింగిన ఆ స్పోర్ట్సు కారు ఇప్పుడు కొనుక్కోవాలని. కొనుక్కోనివ్వండి పాపం, ఆ కోరిక మీద నాకేం కోపం లేదు. రేయనక పగలనక డ్యూటీలు చేసిన మనిషికి ఆ మాత్రం సరదా వుండకూడదా? నా తగాదా అంతా ఆ కారు టాపుతో. సరిగ్గా చెప్పాలంటే, లేని టాపుతో.

కారు పేరు ఎమ్.జి.బి. ఆక్స్‌ఫర్డు దగ్గర అబింగ్డన్ అనే ఊళ్ళో 1962 నుంచి 1980 దాకా తయారయింది. ఇద్దరు కూర్చునే చిన్న కారు, పొడుగాటి ముక్కు, 1,798 సీసీల ఇంజను. అయిదు లక్షల పైచిలుకు చేశారు గనుక ఇప్పటికీ అమ్మకానికి దొరుకుతుంది, విడి భాగాలూ దొరుకుతాయి. ఇందులో రెండు రకాలు. మొదటిది గుడ్డ టాపుది. మడిచి వెనక్కి తోసేస్తే నెత్తిన ఆకాశమే. దీన్ని రోడ్‌స్టర్ అంటారు. రెండోది 1965లో వచ్చింది, పేరు జి.టి. దీనికి గట్టి ఇనుప టాపు. ఆ టాపు వంపు తీర్చింది ఇటలీలోని పినిన్‌ఫరీనా వారు. వెనక పైకెత్తే తలుపు, ముందు సీట్ల వెనకాల మరో చిన్న సీటు వుంటాయి. అక్కడ పెద్దవాళ్ళు కూర్చోలేరు, కూరల సంచులు మాత్రం హాయిగా కూర్చుంటాయి.

తయారైన వాటిలో దాదాపు నాలుగింట మూడు వంతులు టాపులేనివే. అయినా సరే, యెక్కువ వున్న ఆ సరుకుకే వెల యెక్కువ! ఒకే యేడు, ఒకే ఇంజను, ఒకే రంగు, ఒకే పరిస్థితిలో వున్న రెండు బళ్ళు పక్కపక్కన పెడితే మామూలుగా టాపు వున్నదే చవక. అద్దాలు యెక్కువ, ఇనుము యెక్కువ, సామాను చోటు యెక్కువ, ధర తక్కువ. ఇదెక్కడి లెక్కమ్మా? కప్పులేని ఇంటికి అద్దె యెక్కువ అన్నట్టుంది.

యెందుకలా అని అడిగితే మగవారందరూ ఒకే మాట. "అసలు స్పోర్ట్సు కారంటే టాపులేనిదేనోయ్! జి.టి. అంటే పెళ్ళాం పోరు పడలేక కొనేది." విన్నారా? చలి మనకు, వాన మనకు, జుట్టు మనకు. రాజీ పడింది మాత్రం వారట!

ఆ "అసలు" అన్నమాట సంగతి చూద్దాం. అబింగ్డన్ వారు 1973లో ఈ బండికే మూడున్నర లీటర్ల రోవర్ వి-8 ఇంజను పెట్టారు. మామూలు ఇంజనుకి దాదాపు రెట్టింపు పెద్దది. 1976 దాకా అమ్మిన ఆ వి-8 బళ్ళన్నీ జి.టి.లే, గట్టి టాపువే. ఒక్కటంటే ఒక్క టాపులేని వి-8 కూడా ఆ యేళ్ళలో వారు అమ్మకానికి పెట్టలేదు. మరి అసలైన స్పోర్ట్సు కారు యేదో తయారుచేసినవారికే తెలియలేదంటారా? మామూలు జి.టి. రోడ్‌స్టర్ కంటే సుమారు నూరు కిలోలు బరువు, బయల్దేరేటప్పుడు కాస్త వెనకబడే మాట నిజమే. కానీ టాపు మీదుగా గాలి సాఫీగా జారిపోతుంది గనుక చివరికి అందుకునే వేగం దీనిదే కొంచెం యెక్కువ. డెబ్బై యేళ్ళ వయసులో ఆ వేగంతో మనకేం పనిలెండి. వారు వేగం మాట యెత్తుతారు గనుక చెప్పాను.

ఇప్పటి ఇంగ్లండు రాజుగారు చార్లెస్ యువరాజుగా వుండగా 1968 నుంచి నడిపింది ఎమ్.జి.సి. జి.టి. మన బండికి అన్నలాంటిది, ఆరు సిలిండర్లది, గట్టి టాపుది. ఆ తరువాత ఇరవై ఒకటో పుట్టినరోజుకి వారి అమ్మగారు టాపులేని ఆస్టన్ మార్టిన్ బహుమతిగా ఇచ్చారు, అది వేరే సంగతి. మహారాణిగారి అబ్బాయైతే రెండూ వుంచుకోవచ్చు. పెన్షను మీద బతికే ఇంట్లో ఒక్కటే.

ఈ మోజంతా బొమ్మలు పెట్టింది. యే పాత ప్రకటన తీసినా చూడండి, టాపులేని కారు, స్టీరింగు దగ్గర ఆయన, పక్కన ఒక అమ్మాయి. ఆమె జుట్టు గాలికి యెగురుతూ వుంటుంది, మొహం మీద నవ్వు చెక్కుచెదరదు. ఆమె యెవరు, చలేస్తోందా, యెక్కడికి వెళుతున్నారో ఆమెకైనా తెలుసా, అవేవీ మనకు చెప్పరు. బానెట్ మీద మెరిసే బిళ్ళలాగా ఆమె కూడా కారుకి ఒక అలంకారం.

సినిమాలు సరేసరి. మన తెలుగు సినిమాల్లో హీరో టాపులేని కారులో పాట పాడని కాలముందా? హాలీవుడ్‌లో ఇంకా ముచ్చట. 1955లో హిచ్‌కాక్ తీసిన "టు కాచ్ ఎ థీఫ్"లో గ్రేస్ కెల్లీ నీలం రంగు సన్‌బీమ్ ఆల్పైన్ నడుపుతుంది. పక్కన కేరీ గ్రాంట్, కింద సముద్రం, కొండ అంచున మెలికల రోడ్డు. అంత వేగంలోనూ ఆమె అలంకారం చెదరదు. యెలా చెదురుతుంది? వాళ్ళ మొహాలు దగ్గరగా చూపించినప్పుడల్లా కారు స్టూడియోలో కదలకుండా నిలబడి వుంది, వెనక తెర మీద రోడ్డు కదులుతోంది. ఆ బొమ్మ చూసి మనసు పారేసుకున్నవారు ఇప్పుడు మోటార్‌వే మీద గంటకి డెబ్బై మైళ్ళ వేగంతో నన్ను కూర్చోబెట్టి, "యెలా వుంది?" అని అరుస్తారు. అరవక తప్పదు, గాలి హోరు అలా వుంటుంది. "ఆఁ?" అని నేను అరుస్తాను. ఇదీ మా ప్రణయ సంభాషణ.

చీరె కట్టుకున్న రోజున ఇంకో భయం. ఇసడోరా డంకన్ అని అమెరికాలో పుట్టిన గొప్ప నర్తకి వుండేది. 1927 సెప్టెంబరులో ఫ్రాన్సులోని నీస్ నగరంలో టాపులేని కారెక్కింది. మెడలో పొడుగాటి పట్టు స్కార్ఫు. దాని కొస చక్రంలో చుట్టుకుంది, ఆమె ప్రాణం పోయింది. ఈ సంగతి చెబితే మావారు, "అది వందేళ్ళ కిందటి కారు, చక్రాలు బయటికి వుండేవి, దీనికి వుండవు" అన్నారు. నిజమే, ఎమ్.జి.బి.లో కొంగు చక్రం దాకా పోవడం కష్టం. అయినా పిన్నులు పెట్టుకుని, కొంగు బిగించి, రెండు చేతులతో తల పట్టుకుని కూర్చోవడానికి "షికారు" అని పేరెందుకు?

ఇక వాన. ఇంగ్లండు వానకి మన వానలాగా ఉరుములూ, మెరుపులూ, ముందు మబ్బులూ అవసరం లేదు. యెండ కాస్తూండగానే పడుతుంది. అప్పుడు బండి పక్కకి ఆపి టాపు వెయ్యాలి. తొలి రోజుల బళ్ళలో చాలావాటికి టాపు మడత కూడా కాదు, కమ్మీలూ గుడ్డా విడివిడిగా డిక్కీలో వుంటాయి. ఆయన కమ్మీలు నిలబెడుతూంటే మనం గుడ్డ పట్టుకుని నిలబడాలి. పెళ్ళిపందిరి వేస్తున్నట్టు! వేసేసరికి సీట్లు తడుస్తాయి, మనమూ తడుస్తాం. టాపు వేశాక మాత్రం సుఖమా? వెనక ప్లాస్టిక్కు కిటికీ పాతబడితే పసుపుపచ్చగా మారి ఏమీ కనపడదు, మూలల్లోంచి నీళ్ళు కారతాయి. ఊళ్ళో యెక్కడైనా నిలిపితే ఇంకో దిగులు. గుడ్డ టాపు కొయ్యడానికి దొంగకి కూరగాయల కత్తి చాలు.

సామాను మాటకొస్తే, రోడ్‌స్టర్ డిక్కీలో అదనపు చక్రమే సగం చోటు తినేస్తుంది. రెండు రోజుల ప్రయాణానికి ఇద్దరి బట్టలు పట్టించాలంటే యెవరి బట్టలు తగ్గుతాయో వేరే చెప్పాలా? జి.టి.లో ఆ చక్రం నేల కింద దాగుతుంది, వెనక సీటు మడిస్తే పెట్టెలు, ఫ్లాస్కు, పులిహోర డబ్బా అన్నీ పడతాయి.

కానీ అన్నిటికంటే నేను పట్టుబట్టేది తుప్పు విషయంలో. ఇది సరదా సంగతి కాదు, జాగ్రత్తగా వినండి. ఈ బండికి విడిగా చాసిస్ వుండదు, ఒళ్ళే ఎముక. తలుపుల కింద పొడుగునా గడపల్లాంటి భాగాలుంటాయి, మెకానిక్కులు సిల్లులంటారు. టాపు లేనప్పుడు బండి నడుం వంగకుండా ఆపేది ముఖ్యంగా ఆ గడపలే. అవి లోపల్నించి పుచ్చిపోతే బండి మధ్యలో కుంగుతుంది, తలుపుల పైసందు బిగుసుకుపోతుంది. పైన మాత్రం కొత్త రంగు తళతళలాడుతూ వుంటుంది. పైన పటారం, లోన లొటారం అన్నది ఇటువంటి బండిని చూసే పుట్టిందేమో. ఒకవేళ బండి బోల్తా పడితే టాపులేని దాంట్లో మన తలకి ముందు అద్దం చట్రం తప్ప అడ్డేమీ లేదు. 2018 మే నుంచి ఈ దేశంలో నలభై యేళ్ళు దాటిన బళ్ళకి, పెద్ద మార్పులు చెయ్యనివాటికి, యేటేటా జరిగే తప్పనిసరి తనిఖీ లేదు. ఎమ్.జి.బి.లన్నీ ఇప్పుడు ఆ వయసు దాటినవే. రోడ్డు పన్ను కూడా లేదని మగవారు సంబరపడతారు. తనిఖీ లేదంటే గడప పుచ్చిన బండి కూడా చట్టానికి చిక్కకుండా రోడ్డు మీద తిరగొచ్చని అర్థం కాదూ?

జి.టి.కి తుప్పు పట్టదని నేననను. పడుతుంది. పైగా టాపు పట్టి వుంచుతుంది గనుక నడుం వంగదు, జబ్బు చప్పున బయటపడదు. కనక యేది కొన్నా ఒక మెకానిక్కుని వెంటబెట్టుకుపోయి, బండిని పైకెత్తించి, కింద చూపించాలి. 1988 నుంచి అసలు అచ్చులతోనే కొత్త బాడీలు చేస్తున్నారు గానీ, అందులోకి బండంతా మార్పించాలంటే బండి ధరకి మించిపోవచ్చు.

"మరి వెయ్యికి పైగా మైళ్ళ దూరం నుంచి వచ్చి, ఈ దేశంలో ఒక్కసారైనా ఆకాశం కింద కారు నడపొద్దా?" అన్నారు మావారు. వెయ్యి కాదు, అయిదువేల మైళ్ళు. జూన్ నెలలో, కోసిన గడ్డి వాసన వేస్తూండగా, పల్లెటూరి సందుల్లో నిమ్మళంగా టాపు తీసి వెళితే బాగుంటుంది, కాదనను. అలాంటి సాయంత్రాలు యేడాదికెన్ని? అందుకోసం మిగతా రోజులన్నీ గుడ్డ కింద వణకాలా? జి.టి. టాపులో పెద్ద కిటికీ కోయించి, వెబాస్టో వారి మడత టాపు పెట్టించుకున్నవారు ఆ రోజుల్లోనే చాలామంది వున్నారు. ఇప్పటికీ అలాంటి బళ్ళు అమ్మకానికి వస్తుంటాయి. గాలి కావాలంటే తెరుచుకోండి, చుక్కలు లెక్కపెట్టుకోండి. తల మీద ఇనుము మాత్రం చాలావరకు అలాగే వుంటుంది.

ఇంకొందరు మధ్యేమార్గం చెబుతారు. రోడ్‌స్టర్ కొని, చలికాలానికి విడిగా దొరికే గట్టి టాపు బిగించుకోవచ్చని. దాన్ని యెత్తడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఆ రెండో మనిషి యెవరో మీకు వేరే చెప్పక్కర్లేదు. వేసవిలో విప్పిన టాపు పెట్టడానికి గరాజులో గోడ కావాలి, ఆ గోడకి ఇప్పటిదాకా నా ఊరగాయ జాడీల అలమర వుంది.

టాపులేని కార్లు అంతరించిపోతున్నాయి, ఇప్పుడే కొనాలి అని తొందరపెట్టేవారు కూడా వుంటారు. ఆ భయం పాతది. 1970లలో అమెరికా ప్రభుత్వం భద్రత పేరిట వాటిని ఆపేస్తుందని పుకారు పుట్టి, ట్రయంఫ్ వారు 1975లో టి.ఆర్.7ని గట్టి టాపుతోనే దించారు. 1976లో కాడిలాక్ వారు "ఇదే ఆఖరి టాపులేని కారు" అన్నట్టు యెల్డొరాడో అమ్మితే జనం యెగబడి కొన్నారు. నిషేధం రానేలేదు. నాలుగేళ్ళు తిరక్కుండా టి.ఆర్.7కీ టాపు వూడింది. 1984లో కాడిలాక్ వారే మళ్ళీ టాపులేని యెల్డొరాడో దించారు. ఆఖరిదని నమ్మి కొన్నవారి మొహాలు యెలా వుండి వుంటాయో వూహించుకోండి.

నాదొక్క షరతు. బండి చూడబోయినప్పుడు కొనే ఆయన స్టీరింగు దగ్గర కాదు, యెడమ సీట్లో కూర్చోవాలి. అమ్మేవాడి చేత గంటసేపు నడిపించుకోవాలి, టాపు తీసి, మార్చి నెలలో. మావారు పోయిన వారం ఆ పని చేశారు. తిరిగొచ్చి రెండు చెవులూ రుద్దుకుంటూ, ఆ ముదురాకుపచ్చ జి.టి. ఇంకా అమ్ముడుపోలేదా అని అడిగారు. ఫోను నంబరు రిఫ్రిజిరేటరు మీద అంటించే వుంచాను.