గిట్ వదలకుండానే జేజేకి మారొచ్చు
మియాపూర్ నుంచి హైటెక్ సిటీకి మెట్రోలో వెళ్లాలంటే అమీర్‌పేటలో దిగి లైన్ మారాల్సిందే. వెర్షన్ కంట్రోల్ మార్చడం కూడా అలాంటి తలనొప్పే అనుకుని చాలామంది గిట్ దగ్గరే ఆగిపోతున్నారు. 2005లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన గిట్‌ని తీసేయమని అనట్లేదు. ఇంటర్వ్యూల్లో అడిగేది అదే, ఫ్రెషర్స్ ముందు అదే నేర్చుకోండి. కానీ జుజుత్సు, అదే జేజే, మీ పాత గిట్ రెపో మీదే నడుస్తుంది. టీమ్ పర్మిషన్ అక్కర్లేదు, వాళ్లకి కనిపించేవి మామూలు గిట్ కమిట్లే. స్టేజింగ్ గోల లేదు. రీబేస్ చెడిందా? 'జేజే అన్‌డూ' కొడితే వెనక్కి వచ్చేస్తుంది. పని పోతుందనే భయం తగ్గడమే అసలు లాభం. సబ్‌మాడ్యూల్స్ ఉన్న ప్రాజెక్టుల్లో మాత్రం వద్దు. రోజూ రీబేస్‌తో కుస్తీ పట్టేవాళ్లు ఈ వీకెండే ఓ చిన్న రెపోలో ట్రై చేయండి.