పాత రూపాయికి రెండు ధరలు

పాత నాణేలన్నిటినీ ఒకే గాటన కట్టి తూకానికి కొనే వర్తకుడు తానైనా నష్టపోతాడు, అమ్మేవారినైనా ముంచుతాడు. బ్రిటిషు రూపాయి తూకం పాత లెక్కన తులం, అనగా 11.66 గ్రాములు. 1939 వరకు 12 పాళ్లలో 11 పాళ్లు వెండి. 1940 నుంచి సగమే. 1947 రూపాయి ఉత్త నికెల్. కనుక ముందు చూడవలసింది సంవత్సరం. వెండి విలువ అడుగు ధర మాత్రమే. ఆపై ధర పలికించేవి అరుదు, అచ్చు స్పష్టత. పాతదనం ఒక్కటే చాలదు: 1862 విక్టోరియా రూపాయిలు విస్తారంగా దొరుకుతాయి, 1939 రూపాయి అరుదు. చింతపండుతో తోమి మెరిపిస్తే సేకరణదారు వెనుదీస్తాడు. అరుదైన సంవత్సరాలకు నకిలీల బెడద కూడా ఉన్నది. తక్కెడ పక్కన భూతద్దం లేని దుకాణం ఈ సరుకు జోలికి పోకపోవడమే మేలు.