పాలగిన్నెలో చోటు

మీ ఇంట్లో పాటలు రికార్డు చేసే కుర్రాళ్ళుంటే, నేను చేసిన తెలివితక్కువ పని ముందుగా చెబుతాను.

మా మేనల్లుడు, ఎనభై దాటిన మా అమ్మ చేత లాలిపాట పాడించి కంప్యూటర్లో రికార్డు చేసేడు. వెనక తంబూరా, వీణ, తబలా చేర్చేడు. వీటిని విడివిడి ట్రాకులుగా ‘ఎక్స్‌పోర్టు’ చేసి, మిక్సింగు చేసే ఇంజనీరుకు పంపాలిట. ఎక్స్‌పోర్టంటే నాకు గుంటూరు మిరపకాయలే తెలుసు. అయినా ఊరుకున్నానా? “అన్నీ గట్టిగా ఉంచరా” అని సలహా పారేశాను.

నేను టేపు రోజులవాణ్ణి. టేపులో సన్నని రొద ఉండేది. అది వినపడకుండా కాస్త గట్టిగానే రికార్డు చేసేవాళ్ళం. కొంచెం హద్దు మీరినా టేపు సర్దుకుపోయేది.

వారానికి జవాబొచ్చింది: “గొంతు పగిలింది. తంబూరా మీద పడుతోంది. మళ్ళీ పంపండి.” ఆ ట్రాకు విని అమ్మ, “నేనెప్పుడురా ఇలా అరిచాను?” అంది. మళ్ళీ పాడే ఓపిక ఆవిడకి లేదు. నాకు గుండె జారింది.

“పాడైంది నకలే, మావయ్యా. అసలు భద్రంగా ఉంది” అన్నాడు వాడు. డిజిటల్లో సున్నా డెసిబెల్ ఇంటికప్పు లాంటిదిట. మామూలు 16, 24 బిట్ల ఫైళ్ళలో దాన్ని దాటిన శబ్దం తల తెగిపోతుంది. తరవాత తగ్గించినా ఆ తల తిరిగి రాదు.

ఇద్దరం కూర్చున్నాం. విడివిడిగా పెంచినవి తీసేసి, వాడు మొదట చెవితో కుదుర్చుకున్న పాళ్ళే ఉంచాం. ఆపైన అన్నిటినీ ఒకే కొలతలో దించాం. అన్నీ కలిసి మోగినప్పుడు, ఎంత గట్టి చోటైనా సున్నాకి 6 డెసిబెల్లు కిందే ఉండాలి. విడిగా అణిగి ఉన్నవే కలిస్తే పెరుగుతాయి. అచ్చంగా ఒకటే అయిన రెండు ట్రాకులు కలిస్తే 6 డెసిబెల్లు పెరుగుతుంది! మొత్తం మీద బిగించిన లిమిటరూ తీసేశాం. అన్నీ ఒకే క్షణాన మొదలయ్యేట్టు, 24 బిట్లలో పంపేం.

“మరీ తగ్గిపోలేదూ?” అన్నాను.

“బిట్టుకి సుమారు 6 డెసిబెల్లు. ఇరవైనాలుగులో ఒకటి పోతే ఏం?” అన్నాడు.

“గిన్నె అంచుదాకా పాలు పోసి పొయ్యిమీద పెడతారా ఎవరైనా?” అంది మా ఆవిడ వంటింట్లోంచి. ఈ ముక్క ముందే చెప్పకూడదూ!

పాట తయారై వచ్చింది. అమ్మ కళ్ళు మూసుకుని ఆఖరిదాకా వింది.

“ఇదిరా నా గొంతు” అంది.