పేరుకే మెత్తని బంతి

సాఫ్ట్‌బాల్ అంటే స్కూలు పిల్లల ఆటేగా అనుకుంటాం. అమెరికాలో యాభై దాటినవాళ్లకీ, డెబ్భై దాటిన తాతయ్యలకీ కూడా వేరే పోటీలున్నాయి. ముచ్చటే! కానీ బంతి విసిరే పిచర్ సంగతి చూడండి. బ్యాటర్‌కీ తనకీ మధ్య 50 అడుగులే. పేరుకే మెత్తని బంతి, తగిలితే రాయే. గంటకు 100 మైళ్ల వేగంతో తిరిగొచ్చిందంటే తప్పుకోవడానికి ఉండేది సెకనులో మూడో వంతు. డెబ్భై ఏళ్ల చేతులు అంతలో లేస్తాయా?

విచిత్రమేమిటంటే, మామూలు పోటీల్లో ఒప్పుకోని జోరైన కాంపోజిట్ బ్యాట్లని ఈ పెద్దల పోటీల్లోనే అనుమతిస్తారు. కండబలం తగ్గిందిగా, బంతి దూరం వెళ్లాలట! కొట్టేవాడి సరదాకి ఎదుటివాడి దవడ పణం.

ముఖానికి మాస్కు, ఛాతీకి, కాళ్లకి గార్డులు దొరుకుతాయి. కొన్నిచోట్ల పిచర్ ముందు వలతెర పెడతారు. చాలాచోట్ల మాత్రం అంతా ఇష్టమైతేనే. ‘ఇన్నేళ్లుగా ఆడుతున్నా, నాకేమవుతుంది?’ అనేవాళ్లుంటారు. హెల్మెట్ అందిస్తే మన ఇళ్లలో వినబడే జవాబే! బ్యాట్ల జోరు ఎలాగూ తగ్గించరు. మాస్కు లేనిదే పిచింగ్ లేదని నిబంధన రాయడానికి నిర్వాహకులకి అడ్డేమిటో?