ఎర్రటి ఉక్కుపై నల్లటి పెచ్చు

రామంతాపూర్ సందుల్లో ఎక్కడో ఒకచోట ఇల్లు లేస్తూనే ఉంటుంది. లారీలోంచి దించిన చువ్వల్ని దగ్గరికెళ్లి చూడండి. కొత్త ఇనుమే అయినా తెల్లగా మెరవదు. నీలం కలిసిన నలుపు రంగులో ఉంటుంది. చువ్వను వంచినప్పుడు ఆ నలుపు వంపు దగ్గర పెచ్చులుగా రాలుతుంది. అది రంగు కాదు, మసీ కాదు. ఎర్రగా కాలిన ఉక్కు గాల్లోని ఆక్సిజన్‌తో కలిసి తనకు తానే వేసుకున్న తొడుగు. ఇంజినీర్లు దాన్ని 'స్కేల్' అంటారు. పనికిరాని పొట్టులా కనిపించే ఈ పొరకీ ఇల్లు కట్టుకునేవారి జేబుకీ సంబంధం ఉంది!

కమ్మరి కొలిమి దగ్గర కాసేపు నిల్చున్నవారికి ఇది తెలిసిందే. కాలిన నాగటి కర్రును దాగలి మీద పెట్టి సమ్మెటతో కొడితే, నిప్పురవ్వలతో పాటు నల్లటి రేకులూ రాలతాయి. విశాఖ ఉక్కు కర్మాగారంలో జరిగేదీ అదే, కాకపోతే భారీ ఎత్తున. 1966లో 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అంటూ జనం పోరాడి సాధించుకున్న కర్మాగారమది. 1992 ఆగస్టు 1న అప్పటి ప్రధాని పి.వి.నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేశారు. ఇళ్లకు వాడే చువ్వలు, తీగచుట్టలు అక్కడి ప్రధాన ఉత్పత్తులు.

చెరకు బండి సూత్రం

చువ్వను తయారుచేయడానికి ఉక్కు దిమ్మెను కొలిమిలో దాదాపు 1200 డిగ్రీల సెల్సియస్ దాకా కాలుస్తారు. ఎదురెదురుగా తిరిగే రెండు రోలర్ల మధ్యకు పంపుతారు. ఒక జత నుంచి ఇంకో జతకు వెళ్లేకొద్దీ దిమ్మె సన్నబడి పొడవు సాగుతుంది.

తార్నాక రోడ్డు పక్కన చెరకు రసం బండిని చూసినవారికి ఇందులో కిటుకు సులువుగా అర్థమవుతుంది. రోలర్లు గడను పట్టి లోపలికి లాక్కోవాలి. జారిపోతే రసం రాదు. ఉక్కుకైనా అంతే. దిమ్మెను పట్టే కోణం టాంజెంటు విలువ, ఘర్షణ గుణకాన్ని మించకూడదు. మెకానికల్ ఇంజినీరింగ్ విద్యార్థులు చదివే చిన్న సూత్రమిది. ఘర్షణ మరీ తగ్గితే దిమ్మె లోపలికి వెళ్లదు. మరీ పెరిగితే కరెంటు ఖర్చు పెరుగుతుంది, రోలర్లు అరిగిపోతాయి. ఈ రెంటి మధ్య తక్కెడ ముల్లులా అటో ఇటో లాగేది స్కేలే.

ఒకటి కాదు, మూడు

నిజానికి అది ఒక్క పొర కాదు. ఉక్కును అంటుకుని వుస్టైట్, దాని మీద మాగ్నటైట్, అన్నిటికంటే పైన హెమటైట్ ఉంటాయి. బాగా వేడి మీద మందంలో దాదాపు 95 శాతం వుస్టైటే. మూడింటిలో మెత్తనిది అదే. హెమటైట్ ఒక్క శాతమే అయినా అన్నిటికంటే గట్టిది.

పొర పలచగా, వేడిగా ఉన్నంతసేపూ ఉక్కుతో పాటే సాగుతుంది. రోలరుకూ ఉక్కుకూ మధ్య నూనె రాసినట్టు పనిచేస్తుంది. ఉక్కు వేడి నేరుగా రోలరుకు తగలకుండా కాపాడుతుంది. అదే మందంగా పేరుకుని పైభాగం చల్లబడిందంటే కథ మారిపోతుంది. రోలర్ల కింద పొర పగులుతుంది. ఆ పగుళ్లలోంచి ఎర్రటి ఉక్కు పైకి తన్నుకొచ్చి రోలరును రాసుకుంటుంది. ఘర్షణ పెరుగుతుంది. గట్టి పెచ్చులు ఇసుక కాగితంలా గీకుతాయి. కొన్ని ఉక్కులోకే దిగబడి మచ్చలవుతాయి.

అందుకే చాలా మిల్లుల్లో దిమ్మె కొలిమి నుంచి రాగానే గట్టి నీటి ధారలతో పెచ్చు ఊడగొడతారు. అయినా ఒక జత దాటి ఇంకో జతకు చేరేలోపే కొత్త పొర కడుతుంది. దాన్ని పలచగా ఉంచడమే పనితనం. ఊడిన పెచ్చూ వృథా కాదు. దాన్ని ఏరి సింటర్ ప్లాంటు ద్వారా మళ్లీ బ్లాస్ట్ ఫర్నేస్‌లోకి పంపుతారు.

జేబు లెక్క

రోలరు మీద చువ్వ రూపం దిద్దే గాడి అరిగితే, చువ్వ లావెక్కుతుంది. ఎప్పటికప్పుడు రోలర్ల ఎడం సరిచేయాలి, గాడిని మార్చాలి. ఆలస్యమైతే?

12 మిల్లీమీటర్ల చువ్వ మీటరుకు 0.888 కిలోలు తూగాలి. ఆ లెక్కన టన్నుకు 12 మీటర్ల చువ్వలు దాదాపు 94 వస్తాయి. అదే చువ్వ 5 శాతం బరువెక్కితే వచ్చేవి 89. భారతీయ ప్రమాణాల ప్రకారం ఈ సైజుకు అటూఇటూ 5 శాతం తేడా చెల్లుతుంది. అంటే తప్పుపట్టడానికి లేదు. కానీ దుకాణంలో ఇనుము కొనేది తూకం మీద, మేస్త్రీ పరిచేది పొడవు లెక్కన. అదే డబ్బుకు నాలుగైదు చువ్వలు తగ్గినట్టే. బరువు మరీ తగ్గినా ప్రమాదమే, స్లాబు బలం తగ్గుతుంది.

కాబట్టి లోడు దిగగానే ఒక చువ్వను కొలిచి తూచడం, మొత్తం లెక్కపెట్టడం మేలు. నల్లటి పొర గట్టిగా అంటుకుని ఉంటే భయం లేదు. వదులుగా రాలుతుంటే మాత్రం కాంక్రీటు పోసేముందు వైరు బ్రష్షుతో దులపాలి. కాంక్రీటు ప్రమాణాలు చెప్పేదీ అదే. మిల్లులో పలచటి పెచ్చు రోలరుకు రక్ష. ఇంటి దగ్గర మాత్రం ఊడే పెచ్చును ఊడనివ్వడమే మంచిది.