సీతాఫలము కన్ను విప్పనిండు

ఆశ్వయుజము వచ్చినదనగానే అర్ధవీడు వైపు క్యాంపు పడవలెనని నా కోరిక. సర్కారు పని యొకటి, నల్లమల సీతాఫలము రెండవది. మామిడిని రాజందురు గాని, ఈ పండు తినువానికి తొందర పనికిరాదు. గింజలు ఉమియుటకే అరగంట. ఆలోగా రచ్చబండ కబుర్లన్నియు చెవిని బడును!

ఈ చెట్టు వానకే బ్రతుకును, మేకలు దీని ఆకు ముట్టవు. దీనికి మనమే కీడు చేయుచున్నాము. ‘నేను కోయకున్న మరియొకడు కోయును’ అను భయముతో కన్ను విప్పకమునుపే కాయలు గంపల కెక్కుచున్నవి. అట్టి కాయను ఎంత మాగవేసినను నల్లబడునేగాని తీపెక్కదు. కన్నుల నడుమ సందులు వెడల్పై, లేత పసుపు తిరిగిన పిమ్మట కోసినచో కొలది దినములలో మెత్తబడును; ధరయు పలుకును.

కనుక కోత యెన్నడో ఊరంతయు కూర్చుండి నిర్ణయించుకొనవలెనని నా అభిప్రాయము. కొండ కాయకు కట్టుబాటు సాగదనువారు తమ పొలము గట్టుననే నాటుకొనుడు. గింజ మొక్కయైనను మూడు నాలుగేండ్లలో కాపునకు వచ్చును. గింజలు నూరునపుడు మాత్రము పొడి కంట బడనీయకుడు, ప్రమాదము.

నా చొక్కా జేబులో ఇప్పటికిని పదునేడు గింజలున్నవి. ఎవరి గట్టు ఖాళీగా నున్నదో చెప్పుడు.